కుళాయి లేని గది

"సంతకం పెట్టకండక్కా!"

గుమ్మం దాటకముందే అరిచింది డిటెక్టివ్.

నర్సమ్మ చేతిలోని పెన్ను కాగితానికి అంగుళం ఎత్తున ఆగిపోయింది. పక్కనే వంగి, సంతకం చోటు వేలితో చూపిస్తున్న బ్రోకరు ఉలిక్కిపడి నిటారుగా అయ్యాడు.

హాలు నిండా సున్నం పొడి. పొద్దున్నదాకా అద్దంలా మెరిసిన నేల మీద అరంగుళం మందాన పెచ్చులు. వాటికి సరిగ్గా పైన, కప్పులో చాటంత బొక్క. ఆ బొక్కలోంచి పై గది నేల చెక్కలు తడితడిగా కనిపిస్తున్నాయి.

గోడ వారన ముసలి పెయింటరు తల వంచుకుని నిలబడ్డాడు. అతని భుజం మీద ఇన్‌స్పెక్టర్ చెయ్యి. ఓదార్చే చెయ్యి కాదది.

టైము పదకొండూ ముప్పై అయిదు.

"రండి మేడమ్, రండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పెచ్చు ఊడినా మీరే, పన్ను ఊడినా మీరేనా?"

"మీరు వచ్చారని తెలిసింది. అందుకే రావాల్సొచ్చింది."

ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్‌లో పక్క పక్క బల్లల దగ్గర పనిచేశారు. అప్పటినుంచీ ఇదే వరస.

డిటెక్టివ్ నేరుగా నర్సమ్మ దగ్గరికెళ్లి చేతిలోంచి పెన్ను మెల్లగా తీసుకుంది. కుడిచేత్తో. ఆ చెయ్యి ఉండాల్సింది కాదు. రెండేళ్ల కిందట లారీ తలుపు కింద నలిగినప్పుడు తీసేయాలనే అన్నారు డాక్టర్లు. "చిటికెన వేలు కదిలింది, నా కళ్లతో చూశాను," అని వాళ్లకు అడ్డంగా నిలబడింది ఈ నర్సమ్మే. ఆ రోజు నుంచీ డిటెక్టివ్ ప్రతి కేసు కాగితం మీదా సంతకం పెడుతున్నప్పుడు ఒక్క క్షణం ఈవిడని తలుచుకుంటుంది.

"ఏం జరిగిందో వరసగా చెప్పండక్కా."

నర్సమ్మ డ్యూటీ అప్పగించినట్టే చెప్పింది. రిటైరై ఏడాది అయినా ఆ తీరు పోలేదు.

"మోకాళ్లు పోయాయి, మేడ మెట్లు ఎక్కలేకపోతున్నానని ఇల్లు అమ్మకానికి పెట్టాను కదా. ఆసుపత్రి గేటు పక్కన కింది వాటాలో రెండు గదుల ఫ్లాటు నాకోసం అట్టిపెట్టారు. ఇవాళ సాయంత్రం అయిదు దాకా. ఈ ఇంటికి సరైన ధర వస్తేనే అది నాది. నెల రోజులుగా ఇంటిని తయారుచేస్తున్నాం. కుళాయిలకి కొత్త వాషర్లు, కిటికీలకి రంగులు, అలమార్లలో సగం సామాను ఖాళీ. పొద్దున పది గంటలకి కొనేవాళ్లు భార్యాభర్తలు వచ్చారు. ధర వాళ్లకి నచ్చింది. పదీ ఇరవైకి హాలు మధ్యలో నిలబడి, 'సోఫా ఇక్కడ వేసుకుందామండీ,' అంటోంది ఆ అమ్మాయి. అంతే, పైనుంచి ఊడిపడింది. తల తప్పింది, చెయ్యి చీరుకుంది. కట్టు కట్టి లోపలి గదిలో పడుకోబెట్టాను, భర్త పక్కనే ఉన్నాడు."

"మరి ఈ కాగితం?"

"వేరే పార్టీదట. మూడింట రెండు వంతుల ధరకైతే తీసుకుంటారట. మధ్యాహ్నం రెండు లోపు సంతకం కావాలట." నర్సమ్మ గొంతు తగ్గింది. "ఆ డబ్బుకి ఫ్లాటు రాదు. కానీ లోపం ఒప్పుకుని తగ్గించి అమ్మినట్టు అవుతుంది, కేసు లేకుండా పోతుందంటున్నారు."

"ఏం కేసు?"

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "కప్పు నెలల తరబడి నానుతోంది. పైన రంగు పూసి దాచారు. తెలిసి దాచి అమ్మబోయారు, మనిషికి గాయమైంది. రంగు వేసింది ఈయన, వేయించింది ఆవిడ. ఇది నా మాట కాదు, నిపుణుడి మాట."

నిపుణుడు కిటికీ పక్క కుర్చీలో ఒళ్లో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. ఇళ్లకి ధర కట్టే వాల్యుయేటర్. ఇస్త్రీ చెదరని చొక్కా, మెత్తని మాట. మూడు రోజుల కిందట ఈ ఇంటికి నిండు ధర కట్టింది ఇతనే. ఇవాళ కొట్టేసి, మూడో వంతు తగ్గించి రాసిందీ ఇతనే.

"నాకూ బాధగానే ఉందండీ," అన్నాడు. "అమ్మగారు దేవత లాంటి మనిషి. కానీ నేను చూసింది రంగు వేశాక కదా. తేమ ఎలా కనిపిస్తుంది?"

లోపలి గదిలోంచి మూలుగు వినిపించింది. నర్సమ్మ గోడ పట్టుకుని లేచింది. "ఆ అమ్మాయికి మాత్ర టైమైంది. ఇప్పుడే వస్తాను తల్లీ." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "వీళ్ల మీద కోప్పడకు. నెలంతా నాకోసం కష్టపడ్డవాళ్లే అందరూ. ఇన్‌స్పెక్టర్ గారికీ అదే చెప్పాను. ఈ ఇంటికి అనుమానించాల్సినవాళ్లు ఎవరూ రాలేదు."

ఆమె తలుపు వేసుకుంది. డిటెక్టివ్ పెయింటరు వైపు తిరిగింది.

"పెద్దాయనా, ఈ కప్పుకి రంగు ఎప్పుడు వేశావు?"

"ఆరు రోజులైందమ్మా. వేసేముందు అంగుళం అంగుళం తట్టి చూశాను. ఎక్కడా గుల్ల లేదు. పొడిగా, గట్టిగా ఉంది."

"తట్టావని ఎవరు చూశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పెయింటరు మొదటిసారి తల ఎత్తాడు. "తలుపు నెత్తి మీద చూడండి. నేను పనిచేసిన ప్రతి గదిలోనూ రాస్తాను. నా తర్వాత రంగు వేసేవాడికి పనికొస్తుందని."

డిటెక్టివ్ కుర్చీ లాక్కుని ఎక్కింది. తలుపు చట్రం పైఅంచు మీద, కింద నిలబడ్డవాళ్లకి ఎప్పటికీ కనబడని చోట, పెన్సిలుతో నాలుగు ముక్కలు: తారీఖు. తట్టాను. గుల్ల లేదు. పొడి.

"పెన్సిలు రాత ఎప్పుడైనా రాయొచ్చు మేడమ్. నేను వచ్చేముందు పావుగంట చాలు."

"ఎక్కి గోకి చూడండి సార్. పెన్సిలు మీద వార్నిష్ ఉంది. వార్నిష్ మీద దుమ్ము ఉంది. పావుగంటలో రెండూ రావు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీ ఎక్కాడు, గోరుతో గోకాడు, దిగాడు. పెయింటరు భుజం మీదికి మళ్లీ చెయ్యి వేశాడు గానీ ఈసారి బరువు తగ్గింది.

"ఇంకో మాట పెద్దాయనా. పొడి కప్పు మీద పైనుంచి నీళ్లు పడితే ఎంతసేపటికి ఇలా ఊడుతుంది?"

"గబుక్కున పోస్తే చెక్కల సందుల్లోంచి కారిపోతుందమ్మా, మరక పడుతుందంతే. తడిగుడ్డలాంటిదేదో ఒత్తిపెట్టి, నీళ్లు చుక్క చుక్కగా దిగేలా చేస్తే సున్నం నానుతుంది. పదహారు, పద్దెనిమిది గంటలు పడుతుంది."

"చూశారా, లెక్క కంఠతా వచ్చు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నలభై ఏళ్ల పని సార్. రాకపోతే సిగ్గుపడాలి."

పదీ ఇరవైకి పద్దెనిమిది గంటలు వెనక్కి. నిన్న సాయంత్రం నాలుగూ ఇరవై. పదహారు గంటలైతే ఆరూ ఇరవై. డిటెక్టివ్ అటూ ఇటూ కొంచెం వదిలి, నాలుగు నుంచి ఆరున్నర అని మనసులో గీత గీసుకుంది.

"నిన్న ఈ ఇంటికి వచ్చినవాళ్లు ఎవరెవరు? ఎవరు మేడ మీదికి వెళ్లారు?"

పెయింటరు ముందు చెప్పాడు. "పొద్దున పై గది కిటికీలకి రంగేశాను. పన్నెండు గంటలకి గడపకి ఆకుపచ్చ ఆయిల్ పెయింటు. అది ఆరాలని ఒంటిగంటన్నరకి దిగి వెళ్లిపోయాను. దిగుతూ పైనున్న మొక్కల కుండీలు నాలుగూ పెరట్లోకి చేర్చాను. రంగు పడితే ఆకులు మాడిపోతాయని."

"అమ్మగారికి చెప్పావా?"

"నిద్రపోతున్నారమ్మా. లేపబుద్ధి కాలేదు."

బ్రోకరు తన వంతు కాకముందే అందుకున్నాడు. "నేను ఆరింటికి వచ్చాను మేడమ్. అయిదు నిమిషాలు. మేడ మీదికా? నా పొట్ట చూశారుగా. నాలుగు మెట్లెక్కితే నన్ను దింపడానికి ఇద్దరు కావాలి."

"ఈ తక్కువ ధర పార్టీ నీకు ఎప్పుడు ఫోన్ చేసింది?"

"పదీ నలభైకి."

"పెచ్చు పడిన ఇరవై నిమిషాలకే? పడిందని వాళ్లకెలా తెలుసు?"

బ్రోకరు నుదురు తుడుచుకున్నాడు. "ఒట్టు మేడమ్, నేను చెప్పలేదు. పడగానే నేను ఇద్దరికే ఫోన్ చేశాను. ఒకటి స్టేషన్‌కి, ఒకటి వాల్యుయేటర్ గారికి. ధర సంగతి మళ్లీ చూడాలి కదాని. నా కమిషన్ ధరని బట్టి వస్తుంది. ధర పడితే ముందు ఏడ్చేది నేనే!"

"ఆ నంబరుకి ఇప్పుడు చెయ్యి."

చేశాడు. స్విచాఫ్.

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "స్టేషన్‌కి చేసినందుకు నన్ను కూడా అనుమానించండి మేడమ్."

"మీరు ఇంత పకడ్బందీగా ఆలోచించలేరు సార్, మిమ్మల్ని తీసేశాను." ఆమె కిటికీ వైపు చూసింది. "మీరు?"

వాల్యుయేటర్ ఫైలు మూశాడు. "నిన్న నాలుగింటికి వచ్చానండీ. రిపోర్టు మీద అమ్మగారి సంతకం కోసం. ఇదే కుర్చీలో కూర్చున్నాను, అరగంటలో వెళ్లిపోయాను. పై గది కొలతలు మూడు రోజుల కిందటే అయిపోయాయి. మళ్లీ ఎక్కాల్సిన పనేముంది?"

"సరే," అంది డిటెక్టివ్. "ఎవరూ ఎక్కలేదు. అయినా పైన తడిసింది. పదండి ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ విచిత్రం చూసొద్దాం."

"చూశాను. పైన కుళాయి లేదు, పైపు లేదు, బాత్‌రూం లేదు. ఖాళీ గది. అందుకే అది పాత తేమ అన్నాను."

"గుమ్మంలోంచి చూశారా, లోపలికెళ్లి చూశారా?"

మెట్ల మీద ఇన్‌స్పెక్టర్ బూట్ల చప్పుడు వినిపించింది.

పై గది చిన్నది. ఒక ఇనప మంచం, ఒక కిటికీ, అంతే. నర్సమ్మ ఇరవై రెండేళ్లు పడుకున్న గది. అమ్మకానికి ఎంత శుభ్రం చేశారంటే గొంతు సవరించుకున్నా మోగుతోంది.

డిటెక్టివ్ గడప దగ్గరే ఆగిపోయింది. మోకాళ్ల మీద కూర్చుంది.

ఆకుపచ్చ రంగు నున్నగా ఆరిపోయింది, ఒక్కచోట తప్ప. అక్కడ సగం చందమామలా వంపు తిరిగిన గుర్తు, పచ్చి రంగులో దిగబడి అలాగే గట్టిపడింది.

"బకెట్టు అడుగు," అంది. "పన్నెండింటికి రంగు వేశాక, అది ఆరకముందు, ఎవరో నిండు బకెట్టు ఇక్కడ దించి చెయ్యి మార్చుకున్నారు. మీ ముసలాయన తను వేసిన పచ్చి రంగు మీద తనే బకెట్టు పెడతాడా?"

"పొరపాటున పెట్టి ఉండొచ్చు."

"తలుపు నెత్తి మీద తారీఖు రాసే మనిషి!"

కిటికీ పలక మీద నాలుగు గుండ్రని మచ్చలు, కుండీలు ఉండిన చోట. మచ్చలు పొడిగా ఉన్నాయి. ఆమె మంచం కిందికి దూరి ఏదో పట్టి లాగింది. బరువుగా, మొండికేసిన పశువులా కదిలింది. పాత దూది బొంత, నాలుగు మడతలు పెట్టి, సరిగ్గా హాలు మధ్యభాగానికి పైన చెక్కల మీద ఒత్తిపెట్టి ఉంది. మూల పట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు ధారకట్టాయి.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీశాడు. "ఎన్ని నీళ్లు పట్టి ఉంటాయి?"

"మూడు బకెట్లు. తక్కువ కాదు." ఆమె చెయ్యి తుడుచుకుంది. "ఇప్పుడు ఆలోచించండి. పైన కుళాయి లేదు. కింద బాత్‌రూంలో పట్టాలి. అక్కడినుంచి మెట్ల దాకా రావాలంటే హాలు మధ్యలోంచే దారి. మధ్యాహ్నం నిద్ర లేచాక అక్క రోజంతా కూర్చునేది ఆ హాల్లోనే. మూడుసార్లు నిండు బకెట్టుతో ఆవిడ ముందునుంచి వెళ్లి, మూడుసార్లు ఖాళీ బకెట్టుతో వచ్చాడు. అది దొంగచాటుగా చేసే పని కాదు సార్. ఆవిడ చూస్తుండగా చేశాడు."

"చూస్తే నాకు చెప్పలేదేం? ఎన్నిసార్లు అడిగాను!"

"మీరేం అడిగారు?"

"అనుమానంగా ఎవరైనా తిరిగారా అని."

"ఆవిడకి అనుమానం కలగలేదు. అందుకే లేదన్నారు. మీరు అడగాల్సిన ప్రశ్న అది కాదు."

మెట్లు దిగాక ఆమె ముందు బాత్‌రూంలోకి వెళ్లి బకెట్టు బోర్లించింది. అడుగంచు చుట్టూ ఆకుపచ్చ గీత. తర్వాత పెరట్లోకి నడిచింది. నాలుగు కుండీలు గోడ నీడలో ఉన్నాయి. మట్టిలో వేలు గుచ్చింది. వేలు దిగలేదు. మట్టి బీటలువారి ఉంది. రెండు రోజులుగా చుక్క నీరు పడలేదు.

పన్నెండూ పది.

హాల్లోకి వచ్చేసరికి నర్సమ్మ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు సన్నని పొడుగాటి నోటుబుక్కు, దాని పక్కన తెల్ల కవర్ల దొంతర. పెచ్చులు కాళ్ల కింద ఉండగానే కవర్ల మీద ఏదో రాస్తోంది.

డిటెక్టివ్‌కి ఆ నోటుబుక్కు తెలుసు. వార్డులో మూడు నెలలు దాన్ని చూసింది. ఎవరికి ఏ మందు ఎప్పుడు పడిందో రాసే చేత్తోనే, ఎవరు ఎవరికి ఏ సాయం చేశారో కూడా టైముతో సహా రాసుకునేది నర్సమ్మ. ఏడో బెడ్డు అమ్మాయి పక్క బెడ్డు ముసలమ్మకి దుప్పటి కప్పినందుకు ధన్యవాదాలు అని ఒక పేజీలో ఉంది. ఏడో బెడ్డు అమ్మాయి తనే. ఒంటిచేత్తో కప్పింది. ఆ ఒక్క ముక్క చదివాకే బతకాలనిపించింది.

"ఎవరికక్కా ఈ కవర్లు?"

"ఇల్లు తయారుచెయ్యడానికి సాయపడ్డవాళ్లకి. అమ్మకం అయ్యాక ఇద్దామనుకున్నాను." నర్సమ్మ నీరసంగా నవ్వింది. "అమ్మకం ఎలా అయినా కానీ, వాళ్లు చేసింది చేసినట్టే కదా. కవర్లు ఆపడం ఎందుకు?"

పెయింటరు కళ్లు తుడుచుకున్నాడు. తన మీద కేసు పడబోతున్న మనిషికి పైన ఉన్న కవరు మీద తన పేరు కనిపించింది మరి.

"అక్కా, ఒక్క సాయం చెయ్యండి. నిన్నటి పేజీ చదవండి. మొదటినుంచి. పైకి, అందరికీ వినిపించేలా."

"ఇప్పుడా? ఇందులో ఏముంది తల్లీ, అన్నీ ధన్యవాదాలే."

"నాక్కావలసింది అవే."

వాల్యుయేటర్ లేచి నిలబడ్డాడు. "నాకు ఇంకో ఇంటి దగ్గర పని ఉందండీ. రిపోర్టు ఇచ్చేశాను కాబట్టి..."

బ్రోకరు కూడా తలుపు వైపు జరిగాడు. "నాకూ మేడమ్, కడుపులో ఏదో..."

"కూర్చోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఇద్దరితోనూ. పెయింటరు భుజం మీదినుంచి చెయ్యి తీసేసి, వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఇన్నేళ్లలో ఆయన తన మాట వినడం ఇదే మొదటిసారని డిటెక్టివ్‌కి తోచింది. కళ్లతోనే థాంక్స్ చెప్పింది. ఆయన చూడనట్టు నటించాడు.

నర్సమ్మ కళ్లజోడు సర్దుకుంది. ఆసుపత్రి అలవాటు, గంటలు ఇరవై నాలుగు లెక్కన రాసింది.

"తొమ్మిది గంటలు. చెప్పిన టైముకి వచ్చి, నా చెప్పులు కూడా దుమ్ము దులిపి పక్కన పెట్టినందుకు పెయింటరు పెద్దాయనకి ధన్యవాదాలు." పేజీ మీద వేలు జరిగింది. "పదమూడు గంటల ముప్పై నిమిషాలు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్లినందుకు మళ్లీ ఆయనకే. నేను నిద్రపోలేదు, కళ్లు మూసుకున్నానంతే."

పెయింటరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"పద్దెనిమిది గంటలు. రేపు తప్పకుండా అమ్ముడవుతుందని ధైర్యం చెప్పినందుకు, ఇంటిని అరగంట పొగిడినందుకు బ్రోకరు తమ్ముడికి ధన్యవాదాలు."

"అయిదు నిమిషాలన్నావు," అంది డిటెక్టివ్.

"పొగడ్త మొదలుపెడితే టైము తెలీదు మేడమ్."

"అక్కా, మధ్యలో ఒకటి వదిలేశారు."

"వదల్లేదు తల్లీ, కవరు అడ్డం వచ్చింది." నర్సమ్మ కవరు పక్కకి జరిపింది. ఆ వాక్యం మీద ఆమె ముఖంలో చిన్న వెలుగు వచ్చింది, మంచి పని గుర్తొచ్చినప్పుడు వచ్చే వెలుగు. "ఇది మరీ మంచిది. పదహారు గంటల పది నిమిషాలు. నా మోకాళ్లు చూసి జాలిపడి, అడక్కుండానే, పై గదిలో మొక్కలు వాడిపోతున్నాయని తనే లేచి, మూడు బకెట్ల నీళ్లు మేడ మీదికి మోసినందుకు..."

ఆమె ఆగింది.

కప్పులోంచి ఒక చుక్క సున్నం నీరు పెచ్చుల మీద పడింది.

"అక్కా," అంది డిటెక్టివ్ మెల్లగా, "మొక్కలు నిన్న మధ్యాహ్నమే పెరట్లోకి వచ్చేశాయి. నిన్న సాయంత్రం పై గదిలో ఒక్క కుండీ కూడా లేదు. అవి ఇంకా పైనే ఉన్నాయనుకుని ఆ సాకు చెప్పేది, మూడు రోజుల కిందట ఆ గది చూసి, మళ్లీ చూడకుండా నోరు జారినవాడే. పెచ్చు పడగానే ఆ తక్కువ ధర పార్టీకి కబురు అందించిందీ అతనే."

నర్సమ్మ నోటుబుక్కు వంక చూసింది. కప్పు వంక చూసింది. లోపలి గదిలో కట్టుతో పడుకున్న అమ్మాయి ఉన్న తలుపు వంక చూసింది. ఆ తర్వాత ఆమె గొంతు మారింది. వార్డులో రోగి మీద పొరపాటు జరిగినప్పుడు డాక్టర్లు కూడా భయపడిన గొంతు అది. రాసింది రాసినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా, కిటికీ పక్కన నిలబడ్డ మనిషి కళ్లలోకి చూస్తూ పూర్తి చేసింది.

"...మోసినందుకు, వాల్యుయేటర్ బాబుకి ధన్యవాదాలు."